ఆవకూరను గూర్చి కొన్ని మాటలు

(సంఘ సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై కవితాగోష్ఠులు జరిగినవి, హరికథలు జరిగినవి, సంగీత కచ్చేరీలు జరిగినవి. ఆకుకూరను గూర్చి ప్రసంగము జరుగుట బహుశః ఇదియే మొదటిసారి. కూరకు ఉప్పు కావలెను గాని ఉపన్యాస మెందుకని మీలో కొందరైనను అనుకొనుచుందురు. కాని ఉద్యోగరీత్యా స్వస్థలము విడిచి వచ్చిన మనవంటివారికి భాష యెంత ముఖ్యమో భోజనమును అంత ముఖ్యము. భాషను నిలుపుకొనుటకు సంఘము పెట్టుకొంటిమి. భోజనమును మాత్రము బజారు చేతిలో పెట్టితిమి. ఈ సాయంకాలము నేను చెప్పదలచినదంతయు ఆ రెండవ విషయమును గూర్చియే. అందుకు ఆవకూరను ఉదాహరణముగా తీసికొనుచున్నాను.

ఆవగింజకును తెలుగువానికిని గల సంబంధమును వేరుగా చెప్పనక్కరలేదు. పోపు చిటపటలాడనిదే మన వంట పూర్తికాదు. ఆవపిండి లేనిదే ఆవకాయ లేదు. అరటిదూట, పనసపొట్టు, కంద మున్నగువానికి ఆవ పెట్టి వండుట మన కోస్తా వంటలో ఒక విశేషము. మిక్కిలి స్వల్పమైనదానిని ఆవగింజంత యందుము. అంతకంటె స్వల్పమైనచో ఆవగింజలో అరవయ్యోవంతు అందుము. ఇంత చేసియు, ఆ గింజ మొలచి ఆకు తొడిగిన తరువాత దాని ముఖము చూచినవారము కాము. గింజ మనదియు, ఆకు పొరుగువారిదియు అయినది.

చలి ముదిరినది మొదలు ఢిల్లీలో ప్రతి కూరలబండి మీదను ముదురుపచ్చని ఆవాకు కట్టలు కట్టలుగా కనబడును. పంజాబీ గృహిణి దానిని కిలోలతో కొనును. మన ఇల్లాలు దాని ప్రక్కనున్న పాలకూరను, మెంతికూరను కొని ముందుకు సాగును. పొరుగింటి పుల్లకూర రుచియని సామెత పుట్టించినవారము మనమే. ఈ యొక్క కూర విషయమున మాత్రము ఆ సామెత మనయందు పనిచేయలేదు.

దీనికి కారణములు లేకపోలేదు. మొదటిది వాతావరణము. ఆవమొక్క చలిని కోరును. ఎండ తగిలినచో త్వరగా కాడ తీసి పూతకు వచ్చును. ఆకు చేదెక్కి పీచుదేలును. చలిలో పెరిగిన ఆకులో చక్కెరలు పేరుకొనును. తనలోని నీరు గడ్డకట్టకుండ మొక్క చేసికొను రక్షణ యది. పుష్యమాఘములలో కోసిన ఆకు తియ్యగా ఉండుటకు ఇదియే కారణము. మన కోస్తా మైదానములలో అంతటి చలి లేదు. అక్కడి నేలకును ఎండకును సరిపడు తోటకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూర, పొన్నగంటికూర దొడ్డినిండ ఉండగా మరొక కూరకై వెదుకవలసిన అవసరము మన పెద్దలకు కలుగలేదు.

రెండవ కారణమును దాచుట న్యాయము కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఆహారద్రవ్యములలో మిక్కిలి హితమైనవానిని, మిక్కిలి అహితమైనవానిని వేరుపరచి చెప్పిన పట్టిక కలదు. శాకములలో జీవంతి హితమైనవానిలో మొదటిది. అహితమైనవానిలో మొదటిది సర్షపశాకము. సర్షపశాకమనగా ఆవకూరయే. చరకుడు నిందించిన కూరను మెచ్చుకొనుటకు నీవెవ్వడవని మీరు నన్నడుగవచ్చును. నేను చరకుని త్రోసివేయువాడను కాను. పచ్చి ఆవాకును నోట వేసికొన్నవారికి ఆ ఘాటు ముక్కువరకు ఎక్కును. దాని తీక్ష్ణత విషయమున ఆయన మాట సత్యము. కాని ఆ తీక్ష్ణతను లొంగదీయుట యెట్లో ఉత్తరదేశపు వంటయిండ్లు తరతరములుగా నేర్చినవి. చలికాలముననే తినుట, సాధువైన ఆకులతో కలుపుట, గంటలకొలది ఉడికించుట, వెన్న కలుపుట - ఇవన్నియు ఆ నేర్పులోనివే. చరకుని హెచ్చరికను వారు వంటలోనికి తెచ్చుకొనిరని నా యూహ.

ఇక ఈ మొక్క వంశమును గూర్చి కొంచెము చెప్పవలయును. వూ జాంగ్‌చున్ అను శాస్త్రజ్ఞుడుండెను. తండ్రి కొరియావాడు, తల్లి జపానుదేశస్థురాలు. జపానులో ఆయనను నాగహారు యు అని పిలిచిరి. ఆవజాతి మొక్కల బాంధవ్యమును క్రోమోజోముల లెక్కతో 1935లో ఆయన నిరూపించెను. నల్ల ఆవ, కాబేజి, టర్నిప్ అను మూడు మూలజాతులు కలవనియు, వానిలో రెండేసి కలియుటచే మరి మూడు జాతులు పుట్టినవనియు ఆయన సిద్ధాంతము. నల్ల ఆవలో క్రోమోజోముల జతలు 8, టర్నిప్‌లో 10. ఈ రెండును కలిసి పుట్టిన బిడ్డ మన దేశపు ఆవమొక్క; దానిలో 18. కాబేజి, కాలీఫ్లవరు, నూల్‌కోల్, బ్రొకోలి, నేడు నగరములలో గొప్పగా చెప్పుకొను కేల్ - ఇవన్నియు చూడ వేరువేరుగా నున్నను ఒకే జాతి. ముల్లంగి వీనికి దూరపు చుట్టము. ముల్లంగి ఆకును పప్పులో వేసికొను ఇండ్లు మనలో చాల కలవు గనుక, ఈ కుటుంబముతో మనకు బొత్తిగా పరిచయము లేదనుటకు వీలులేదు.

మనది బదిలీల కొలువు. శ్రీనగరములో, గువాహతిలో, ఇంఫాలులో పనిచేసి వచ్చినవారు ఈ సభలో నున్నారు. వారికి తెలియని సంగతి కాదు: హిమాలయపు పొడవునను ఈ ఆకులే అన్నమునకు తోడు. కాశ్మీరమున హాక్ లేని భోజనము అరుదు. అది కేల్‌కు దగ్గరి ఆకు. ఆవనూనె, ఉప్పు, ఇంగువ, మిరపకాయలు - ఇంతే సంబారము. పుష్కలముగా నీరు పోసి వండి, ఆ రసముతోనే అన్నము కలుపుకొందురు. అస్సాములో లాయి శాక్, మణిపూరులో హంగామ్, వంగదేశమున సొర్షే శాక్ - ఇవన్నియు ఆవజాతి కూరలే. నేపాలులో రాయో సాగ్ అను ఆవాకును వాడబెట్టి, నలిపి, కుండలో గట్టిగా దట్టించి పులియబెట్టుదురు. పిదప ఎండబెట్టి దాచుకొందురు. దానికి గుంద్రుక్ అని పేరు. కూరలు దొరకని దినములలో దానితో పులుసు కాచుకొందురు. ఊరగాయకును ఒరుగులకును నడుమనున్న ఉపాయమిది. తెలుగువారికి దీనిని బోధపరచుట కష్టము కాదు.

ఆకుకూర తినవలసినదని చెప్పుటకు మనకు పెద్ద దిక్కు హైదరాబాదులోనే కలదు. 1918లో కూనూరులో రాబర్టు మెక్కారిసన్ చిన్న పరిశోధనశాలగా ప్రారంభించిన పని పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి కెక్కినది. ఎదిగినవారు దినమునకు 100 గ్రాముల ఆకుకూర తినవలయునని ఆ సంస్థ సలహా. మెక్కారిసన్ కూనూరులో ఎలుకలకు భారతదేశపు వివిధ ప్రాంతముల భోజనములు వేరువేరుగా పెట్టి చూచెను. ముడిగోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, తాజాకూరలు గల పంజాబు భోజనము తిన్న ఎలుకలు అన్నిటికంటె బలముగా పెరిగినవి. తెల్లగా దంచిన బియ్యముపై ఆధారపడిన దక్షిణదేశపు భోజనము తిన్నవి వెనుకబడినవి. ఇది మన వంటకు నింద కాదు. పాలును, కూరయు తగ్గి బియ్యము పెరిగినచో నేమగునో చెప్పు పాఠము.

ఆవజాతి ఆకులకు ఒక విశేషమున్నది. ఆకులో సున్నపుధాతువు, అనగా కాల్షియము, ఎంత ఉన్నదనునది ఒక లెక్క; అందులో మన శరీరము ఎంత గ్రహించుననునది మరియొక లెక్క. పాలకూరలో ఆక్జాలిక్ ఆమ్లము ఎక్కువ. అది కాల్షియమును పట్టుకొని విడువదు. అమెరికాలో హీనీ, వీవర్ అను శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలలో పాలకూరలోని కాల్షియములో సుమారు 5 శాతమే ఒంట పట్టినది. పాలలోనిది సుమారు 32 శాతము. 1990లో ప్రకటించిన ఫలితము ప్రకారము కేల్‌లోనిది సుమారు 41 శాతము. ఆవాకులోను ఆక్జాలిక్ ఆమ్లము తక్కువే. కావున మన ఇల్లాలు బండివద్ద పాలకూర కొని ఆవాకును విడిచి సాగునపుడు, ఎముకలకు పనికివచ్చుదానిని అక్కడనే వదలి వచ్చుచున్నది. పాలు తగ్గించుకొన్న వృద్ధులకు, ఎదుగుచున్న పిల్లలకు ఈ భేదము చిన్నది కాదు.

ఆవ ఘాటు సంగతి యింకను చిత్రమైనది. ఆకులో గాని గింజలో గాని ఆ ఘాటు సిద్ధముగా నుండదు. గంధకముతో కూడిన ఒక పదార్థము కణములో ఒకచోట నుండును. దానిని విరుగగొట్టు ఎంజైము వేరొకచోట నుండును. పురుగు కొరికినను, కత్తితో తరిగినను, రోట నూరినను ఆ రెండును కలిసికొనును. అప్పుడు ఘాటు పుట్టును. పురుగులనుండి మొక్క తన్ను తాను కాపాడుకొను మార్గమిది. వేడి తగిలినచో ఆ ఎంజైము నశించును; ఉడికిన ఆవాకులో ఘాటు తగ్గుటకు కారణమదియే. అయితే ఈ ఘాటు పదార్థములలో ఆరోగ్యమునకు మేలుచేయునవి కలవని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఉడికిన బ్రొకోలికి చివర కొంచెము పచ్చి ఆవపిండి కలిపినచో, గింజలోని ఎంజైము పనిచేసి ఆ పదార్థము మరల పుట్టుచున్నదని పరిశోధనలలో తేలినది.

సోదరీమణులారా, దీనిని మనమేమందుము? ఆవ పెట్టుట యందుము. కూర దింపిన తరువాత నూరిన ఆవముద్ద కలుపుమనియు, పొయ్యిమీద ఉండగా కలిపిన ఘాటు పోవుననియు మన అమ్మమ్మలు చెప్పలేదా? ఎంజైము పేరు వారెరుగరు, పని యెరుగుదురు. కావున ఆవకూరకు ఆవ పెట్టి చూడుడు. ఉడికిన ఆకునకు గింజ తిరిగి ప్రాణము పోయును. ఈ వంట పంజాబులో లేదు. అది మనము చేర్చగల వాటా.

మంచి చెప్పినవాడు జాగ్రత్తయు చెప్పవలయును. ఈ జాతి ఆకులలో గళగ్రంథి పనికి అడ్డుతగులు పదార్థములు కొన్ని కలవు. 1928లో అమెరికాలో కాబేజి మేపిన కుందేళ్ళకు గొంతువాపు వచ్చుట గమనించిరి. మన దేశమున గొంతువాపు వ్యాధికి ముఖ్యకారణము అయొడిను లోపము; 1962లో కేంద్రప్రభుత్వము ఆ వ్యాధి నిరోధమునకు జాతీయ కార్యక్రమము ప్రారంభించినది. అయొడిను గల ఉప్పు వాడుచు, ఉడికించిన కూరను మితముగా తినువారికి సాధారణముగా భయము లేదు. థైరాయిడు వ్యాధి గలవారు వైద్యుని అడిగి తినవలయును. మరియొక మాట: ఈ ఆకులలో కె విటమిను అధికము. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందు వాడువారు వైద్యునికి చెప్పకుండ ఆకుకూరను అకస్మాత్తుగా పెంచరాదు, మానరాదు. పదవీ విరమణ చేసినవారు మన సంఘములో ఎందరో ఉన్నారు గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. కూర మంచిదే. అది ఎక్కడ పెరిగినది?

ఢిల్లీలో యమునానది ఒడ్డున తరతరములుగా కూరలు పండించుచున్నారు. నగరపు మురుగుకాలువలును, కర్మాగారముల నీరును ఆ నదిలోనికే చేరును. 2015 జనవరిలో జాతీయ హరిత న్యాయాధికరణము, నది శుభ్రపడువరకు ఆ వరదమైదానమున తినదగు పైరులు పండింపరాదని ఆదేశించినది. ఆదేశము వెలువడినను సాగు పూర్తిగా ఆగలేదు. అందుకు ఆ సాగుదారులను నిందించుట నాకిష్టము లేదు. వారిలో పెక్కురు కౌలుకు దున్నుకొను పేదవారు. నదిలో విషము కలిపినవారు వారు కారు. ఆ నీటి ప్రక్కనే కాపురముండి, ఆ కూరనే తినుచు బ్రదుకువారు.

ఈ సమస్య అన్ని కూరలకు కలదు గాని ఆవకూరకు మరింత కలదు. ఏలయన, ఆవమొక్కకు నేలలోని కాడ్మియము, సీసము మున్నగు లోహములను పీల్చి ఆకులలో నిలువచేసికొను స్వభావము కలదు. 1990 దశకములో శాస్త్రజ్ఞులు ఈ గుణమును గమనించి, చెడిన నేలలను శుభ్రపరచుటకు ఆవమొక్కనే నాటి పరీక్షించిరి. నేలకు అది వైద్యము. కాని ఆ పంటను తినరాదు, కోసి దూరముగా పారవేయవలయును. ఏ గుణముచేత ఈ మొక్క మంచి నేలలోని సారమును మనకందించునో, ఆ గుణముచేతనే చెడ్డనేలలోని చెడుగును అందించును. ఆకుపై పడిన ధూళి కడిగినచో పోవును. వేరుద్వారా ఆకులోనికి ఎక్కినది ఎన్ని నీళ్ళతో కడిగినను పోదు. పసిపిల్లలలో సీసము మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఆరోగ్యమునకని పెట్టిన కూరయే అనారోగ్యము కాకుండ చూచుకొను బాధ్యత తల్లిదండ్రులమైన మనపై నున్నది.

సేంద్రియముగా పండించినదని చీటి అంటించిన కూర కొన్నచో సరిపోవునుగదా యని మీరనవచ్చును. సగము సరిపోవును. మన దేశమున సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమము 2001లో వచ్చినది. చిన్న రైతులు గుంపుగా చేరి ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొను పి.జి.ఎస్. పద్ధతియు కలదు. సేంద్రియాహారమునకు సంబంధించిన నిబంధనలు 2017లో వెలువడినవి. సిక్కిం రాష్ట్రము 2016లో సంపూర్ణ సేంద్రియ రాష్ట్రముగా ప్రకటింపబడినది. మన ఆంధ్రప్రదేశములో రైతు సాధికార సంస్థ ద్వారా లక్షలకొలది రైతులు ప్రకృతి సేద్యమువైపు మరలిరి. ఇవన్నియు మెచ్చదగినవి. కాని ధ్రువపత్రము ముఖ్యముగా చెప్పునది రైతు ఏమి వేసెను, ఏమి వేయలేదు అను సంగతి. ఎగువనుండి నీరు ఏమి తెచ్చినదో తెలియుటకు నీటినే పరీక్షింపవలయును. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్యపత్రములో 12 అంశములు పరీక్షింతురు: నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము మొదలుగాగలవి. పైరునకు అవి ముఖ్యములే. కాని ఆ పన్నెండింటిలో సీసము లేదు, కాడ్మియము లేదు. ఆ పరీక్షను వేరుగా చేయింపవలయును.

అందుచేతనే నేను చిన్నపొలమును గూర్చి చెప్పుచున్నాను. మా వీధిలోని ఎనిమిది కుటుంబములము గత కొన్ని శీతకాలములుగా నగరపు పొలిమేరలో, నదికి దూరముగా, ఎకరమున్నర సాగుచేయు ఒక రైతువద్దనుండి కూరలు తెచ్చుకొనుచున్నాము. ఆయన మామూలు రైతు. ఉపన్యాసములు ఇచ్చువాడు కాడు. ఆయన పద్ధతిని క్లుప్తముగా చెప్పెదను.

అక్టోబరు నడుమ మొదటి విత్తు. అటుపిమ్మట పదునైదు దినములకొకసారి కొన్ని వరుసల చొప్పున నవంబరు చివరివరకు విత్తును. అందువలన ఫిబ్రవరివరకు లేతాకు దొరకును. వరుసకు వరుసకు అడుగు ఎడము. విత్తనము అరంగుళము లోతు. నాలుగైదు దినములలో మొలచును. ఒత్తుగా మొలచినవానిని పెరికివేయడు, కట్టగట్టి అమ్మును. అన్నిటికంటె లేతకూర అదియే. నెలపైన అయిదారు దినములకు క్రింది ఆకులు కోయుట మొదలు. నడిమి మొగ్గను ముట్టడు. పూమొగ్గ కనబడినదనిన కూరకు కాలము చెల్లినట్లే. కొన్ని మొక్కలను విత్తనమునకు విడుచును.

ఎరువు విషయమున ఆయన చేయునది, తనకు తెలియకనే, ఒక ప్రభుత్వోద్యోగి చెప్పినది. సర్ ఆల్బర్టు హోవర్డు 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయమునకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చెను. ఆ సంస్థయే 1934 భూకంపమునకు కూలి, 1936లో ఢిల్లీకి తరలివచ్చినది. మనమందరము నేడు పూసా యని పిలుచు వ్యవసాయ పరిశోధనాలయమదియే. హోవర్డు 1924 నుండి 1931 వరకు ఇందూరులో ఉండి, చెత్త, పేడ, పశువుల మూత్రము ఇంకిన మన్ను, బూడిద పొరలుపొరలుగా పేర్చి, తడుపుచు, తిరగవేయుచు మూడునెలలలో మంచి ఎరువు తీయు పద్ధతిని స్థిరపరచెను. దానిని లోకము ఇందూరు పద్ధతి యని పిలుచును. హిందూదేశపు రైతులే తనకు ఆచార్యులని ఆయన చెప్పుకొనెను. లోకమంతట నేడు వ్యాపించిన సేంద్రియ వ్యవసాయమునకు మూలములలో ఒకటి మన పల్లెల పెంటకుప్ప యన్నమాట.

ఇట్టి ఎరువు సారమును మెల్లమెల్లగా విడుచును. యూరియా మితిమీరి వేసినచో ఆకు నిగనిగలాడును గాని దానిలో నైట్రేటు పేరుకొనును. ఎరువు ఎక్కువగా గల నేల లోహములను కొంతవరకు తనలోనే పట్టి ఉంచునను లాభమును కలదు. అయితే చెడ్డనీటికి ఎరువు ప్రత్యామ్నాయము కాదు.

పురుగు సంగతి యేమని అడుగుదురు. జనవరిలో మబ్బుపట్టినదనిన ఆవమొక్కకు పేనుబంక పట్టును. ఆయన ప్రతి ఉదయము వరుసలవెంట నడచి, పట్టిన చివుళ్ళను త్రుంచి గోతిలో పాతిపెట్టును. మిగిలినవానిని నీటిధాటితో కడుగును. అక్షింతల పురుగులు వచ్చినచో సంతోషించును. పేనుబంకను తినునవి అవియే. అప్పటికిని లొంగనిచో 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడిచొప్పున కషాయము చల్లును. ఒకే నేలలో ఏటేట ఈ జాతినే వేయక, నడుమ పెసర, మెంతి వేయును. కాబేజి మడిలోను ఆవను ఎరగా వాడవచ్చునని బెంగుళూరులోని ఉద్యాన పరిశోధనాలయము చూపినది: 25 వరుసల కాబేజికి రెండు వరుసల ఆవ చొప్పున వేసినచో రెక్కలపురుగు ఆవకే పోవును, కాబేజి బ్రదుకును. ఇంతటి మొక్కకు ఆవగింజంత కృతజ్ఞత చూపుట న్యాయమే.

ఇంత చేసినను ఆ రైతునకు కష్టమెక్కడ వచ్చుననిన - అమ్మకములో. ఆకుకూర ధాన్యము వలె నిలువ ఉండదు. ఉదయము కోసినది సాయంకాలమునకు వాడును. టోకుబజారులో నదియొడ్డు కూరకును ఆయన కూరకును ఒకే ధర. పురుగు తిన్న రంధ్రములు రెండు కనబడినచో ఇంకను తక్కువ. మంచిగా పండించినందుకు బజారు ఆయనకు శిక్ష వేయుచున్నది. ఇట్టివారు నాలుగేండ్లు ఓర్చుకొని, అయిదవయేట భూమిని గోదాముకో, వాహనములు నిలుపుటకో అద్దెకిచ్చి చేతులు దులుపుకొందురు. అప్పుడు మనకు మంచికూర కావలెనన్నను దొరకదు.

కావున ఈ సంఘమునకు నా మనవి యిది. ఇష్టపడిన కుటుంబములు ముప్పది నలుబది కలిసి, ఇద్దరు ముగ్గురు చిన్నరైతులను ఎన్నుకొందము. సెలవుదినమున పిల్లలతో పొలమునకు పోయి మూడు ప్రశ్నలు అడుగుదము: నీరు ఎక్కడిది? ఈ నేలలో ఇంతకుముందేమి ఉండెను? ఎరువు ఎవరిది? తరువాత నేలకును నీటికిని సీసము, కాడ్మియము మొదలగు లోహముల పరీక్షను మన ఖర్చుతో గుర్తింపు గల ప్రయోగశాలలో చేయింతము. రైతు ఒక్కడు భరింపలేని ఖర్చు, నలుబది కుటుంబములు పంచుకొన్నచో ఒక సినిమా టిక్కెట్టు పాటి. పరీక్షలో నెగ్గినచో అక్టోబరులోనే ఆ ఋతువునకు సరిపడు సొమ్ములో కొంత ముందుగా ఇత్తము. వారమునకొక దినము కూర ఇక్కడికి వచ్చును. మంచు కురిసి పంట తగ్గినవారము తక్కువ పుచ్చుకొందము. పుష్కలముగా పండినవారము ఎక్కువ తిందము. పరీక్షలో ఓడినచో నిర్దాక్షిణ్యముగా మానుకొందము. రైతునకు మాత్రము ఆ ఫలితమును మర్యాదగా తెలియజేసి, తినని పైరు, అనగా పువ్వులు మున్నగునవి, వేసికొనుటకు సలహా ఇత్తము.

పొలమునకు పోలేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. మన క్వార్టర్ల బాల్కనీలో ఎండ నాలుగైదు గంటలు తగులు చోట, జానెడు లోతు గల కుండీలో మంచి మన్నును పశువుల ఎరువును కలిపి, పోపులపెట్టెలోని ఆవాలే చిటికెడు చల్లుడు. నెలతిరుగక మునుపే పప్పులోనికి సరిపడు లేతాకు చేతికి వచ్చును. పిల్లలు తమచేత మొలచిన ఆకును తినుటకు పేచీ పెట్టరు. ఇది మా యింట నిజమైనది. పోపులో చిటపటలాడు ఆవగింజలో ఇంత పచ్చదనము దాగియున్నదని పిల్లవానికి తెలియుట కూడ ఒక విద్యయే.

వంటను గూర్చి రెండుమాటలు చెప్పి ముగించెదను. పంజాబీ పద్ధతిలో కిలో ఆవాకునకు పావుకిలో పాలకూర, పావుకిలో బథువా కలుపుదురు. బథువా యనగా మన చక్రవర్తికూర; ఇక్కడి గోధుమచేలలో తనంతట మొలచును. అల్లము, పచ్చిమిరపకాయలు వేసి మెత్తగా ఉడికించి, మెదిపి, గుప్పెడు మొక్కజొన్నపిండి కలిపి మరల ఉడికింతురు, చివర వెన్న. జొన్నరొట్టె తిను మన తెలంగాణ, రాయలసీమ సోదరులకు ఇది వెంటనే నచ్చును. మన పద్ధతిలోనైనచో కందిపప్పుతో ఉడికించి, కొంచెము చింతపండు వేసి, ఇంగువపోపు పెట్టవచ్చును. చింతపండు పులుపు చేదును కప్పును. లేదా ఆకును తరిగి, ఉడికించి, నీరు పిండక పోపులో మగ్గించి, దింపిన తరువాత ఆవయు ఎండుమిరపయు నూరిన ముద్ద కలిపి, మూతపెట్టి పావుగంట ఆగి వడ్డింపుడు. వేడియన్నములో నేతితో తిన్నచో ఆకును గింజయు మరల ఒకచోట కలిసినట్లు తెలియును.

మనము ఈ నగరమున అద్దెకున్నవారమని అనుకొనుచుందుము. బదిలీ ఉత్తరువు వచ్చువరకే ఇక్కడి కాపురమనుకొందుము. కాని మన పిల్లల ఎముకలు ఇక్కడి కూరతో, ఇక్కడి నీటితో పెరుగుచున్నవి. ఆ లెక్కన ఈ నేల మంచిచెడ్డలు మనవియే. ఈ అక్టోబరునకు ముందే ఇష్టపడిన కుటుంబముల పేర్లు కార్యదర్శిగారివద్ద వ్రాయింపవలసినదిగా వేడుకొనుచున్నాను.